మూడో తరగతి పిల్లలకు కాలాలు, సర్వనామానికి తగిన క్రియలు ఎలా నేర్పాలి?

మీ పాప "నిన్న వెళ్తాను" అని రాస్తోందనీ, కాలాల పట్టిక కంఠస్థం చేయించమంటారా అనీ అడిగారు. వద్దండీ. ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. పట్టిక గడగడా అప్పజెప్పే పిల్లలే సొంత వాక్యం రాయమంటే తడబడతారు.

మా బడి దగ్గరి ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు ఒకసారి పలక మీద "అమ్మ ఇటుకలు మోశాడు" అని రాశాడు. తరగతి అంతా నవ్వేసరికి "డు"ను అరచేత్తో తుడిచేసి, అక్కడ ఏం రాయాలో తెలియక బలపం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మీ ఇంట్లో ఎలా అంటారని అడిగితే "పుఅ ఆసిలా, ఝిఅ ఆసిలా" అన్నాడు. కొడుకు వచ్చినా కూతురు వచ్చినా ఒడియాలో క్రియ ఒక్కటే. ఆ పిల్లవాడు తన అమ్మభాష నియమాన్ని నిజాయతీగా పాటించాడు, అంతే.

మర్నాటి నుంచి నేను సర్వనామం ఇచ్చి క్రియ అడగడం మానేసి, క్రియ చెప్పి ఎవరో కనుక్కోమన్నాను. "వచ్చాను" అంటే ప్రతివాళ్ళూ తమ గుండె మీద చేయి వేసుకున్నారు. "వచ్చింది" అంటే ఒకరు అమ్మ అన్నారు, ఒకరు ఆవు అన్నారు, ఇంకొకరు బస్సు అన్నారు, మూడూ సరైనవే. అదే ఎక్కువమందైతే అమ్మలు "వచ్చారు", ఆవులు "వచ్చాయి" అని విడిపోతాయని పిల్లలే పట్టుకున్నారు. "నేను" అనకపోయినా "వచ్చాను"లో నేను ఉన్న భాషను క్రియ వైపు నుంచే నేర్పాలని నా గట్టి నమ్మకం.

"మా అమ్మ వచ్చారు" అని రాస్తే ఏకవచనం కాబట్టి తప్పని కొట్టేసే అభ్యాస పుస్తకం ఒకటి చూసి నాకు చాలా బాధ కలిగింది. ఇంట్లో నేర్చిన మన్ననను బడి తప్పు పట్టకూడదు.

ఇక "వెళ్తాను" భవిష్యత్కాలమని మాత్రమే చెప్పి వదిలేస్తే పిల్లలు తికమకపడతారు, ఎందుకంటే "రోజూ బడికి వెళ్తాను", "రేపు ఊరికి వెళ్తాను" రెండింటికీ రూపం ఒకటే. మీ పాప "రోజూ"తో వాడే "వెళ్తాను"ను "నిన్న" పక్కన పెట్టి ఉంటుంది. రాత్రి అన్నం తినేటప్పుడు నిన్న ఏం చేశావు, రోజూ ఏం చేస్తావు, రేపు ఏం చేస్తావు అని అడుగుతూ ఉండండి. "నిన్న వెళ్తాను" అంటే తప్పని ఆపకుండా, "ఓహో, నిన్న వెళ్ళావా? ఎవరితో వెళ్ళావు?" అని సరైన రూపంతోనే మాట కొనసాగించండి.