సోమవారం ఉదయం కనిపించని సర్వర్

ప్రశ్న: మేడమ్‌గారూ, నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా కంప్యూటర్ గదిలో మూలనపడిన పాత యంత్రం మీద ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, పాఠాలు, అసైన్‌మెంట్లు నడిపే మూడుల్ అనే ప్రోగ్రాం పెట్టాను. శుక్రవారం సాయంత్రం గదిలోని ముప్ఫై కంప్యూటర్లలోనూ చక్కగా తెరుచుకుంది. సోమవారం పిల్లలను కూర్చోబెడితే ఒక్కదానిలోనూ రాలేదు. సర్వర్ ఆన్‌లోనే ఉంది. దాని కొత్త చిరునామా కనుక్కుని కొడితే, మళ్లీ పాత చిరునామాకే పోయి ఆగిపోతోంది. పిల్లల జాబితా ఎక్కిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. పెద్ద ఫైళ్లు ఎక్కడం లేదు. మొదట్లో ఫోల్డరులో రాయడానికి అనుమతి లేదని మూడుల్ మొరాయిస్తే, ఒకరి సలహాతో అన్నిటికీ 777 ఇచ్చాను, దారికొచ్చింది. ఇప్పుడు అంతా తుడిచేసి మొదటి నుంచి పెట్టమంటారా?

జవాబు: తుడవకండి మాస్టారూ. తుడిచి మళ్లీ పెట్టినా వచ్చే సోమవారం ఇదే ఉత్తరం రాస్తారు. తప్పు మూడుల్‌లో లేదు, దాని చిరునామాలో ఉంది.

మీ రూటర్ ప్రతి కంప్యూటర్‌కూ ఒక చిరునామా ఇస్తుంది, కానీ శాశ్వతంగా ఇవ్వదు. గడువు పెట్టి అద్దెకిస్తుంది. శుక్రవారం మీ సర్వర్‌కు 192.168.1.23 వచ్చిందనుకోండి, రెండు రోజుల సెలవులో రూటర్ ఆగి మళ్లీ మొదలైతే సోమవారం చివరి అంకె 41 కావచ్చు. ఇంతవరకు ఏ సర్వర్‌కైనా వచ్చే తంటానే. మూడుల్‌కు ఇంకో పట్టుదల ఉంది. పెట్టేటప్పుడు మీరు ఏ చిరునామాతో తెరిచారో దాన్ని తన సెట్టింగుల ఫైలులో, అంటే కాన్ఫిగ్ ఫైలులో రాసుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ చిరునామాతో తలుపు తట్టినా, తన ఇల్లు ఇది కాదంటూ రాసుకున్న దానికే పంపిస్తుంది. మీరు చూసింది అదే.

ముందు రూటర్ సెట్టింగులు తెరవండి. సర్వర్ నెట్‌వర్క్ కార్డుకు మ్యాక్ అనే పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్న యంత్రానికి ఎప్పుడూ ఇదే చిరునామా ఇవ్వమని రూటర్‌లో రాసిపెట్టండి. పాత 23 ఇంకా ఖాళీగా ఉంటే దాన్నే ఇవ్వండి, మూడుల్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. మీ రూటర్ లోపలి పేర్లను కూడా నడపగలిగేదైతే, అంకెలకు బదులు ఒక పేరు పెట్టి, ఆ పేరునే కాన్ఫిగ్ ఫైలులో రాయడం ఇంకా మేలు. రేపు యంత్రం మారినా పేరు మారదు. అప్పటికే పాఠాల్లోకి ఎక్కిన పాత లింకులను మార్చడానికి మూడుల్‌లోనే వెతికి మార్చే పనిముట్టు ఉంది. మెనూలో ఎక్కడా కనిపించదు. సైటు చిరునామా చివర అడ్మిన్, టూల్, రీప్లేస్ అనే మూడు మాటలను ఏటవాలు గీతలతో చేర్చి తెరవాలి. దాచిపెట్టడానికి కారణం ఉంది: అది మొత్తం డేటాబేస్‌ను తిరగరాస్తుంది. బ్యాకప్ తీయకుండా దాని దగ్గరకు వెళ్లకండి.

ఇక ఆ 777. ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు చాలాకాలంగా కోపం. మీరు లెక్కల మాస్టారు, మీకు ఒక్క వాక్యం చాలు: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. మూడు ఏడులంటే యజమానికి, అతని బృందానికి, మిగిలిన అందరికీ అన్ని హక్కులూ అని. తాళం పట్టలేదని తలుపే పీకేసినట్టు. మూడుల్ అడిగింది ఒక్క ఫోల్డరులో రాసే హక్కు. అది పిల్లలు ఎక్కించిన ఫైళ్లను దాచుకునే మూడుల్‌డేటా. దాన్ని వెబ్ సర్వర్ ప్రోగ్రాం, అంటే అపాచీ, నడిచే ఖాతాకు సొంతం చేసి, 770 ఇవ్వండి. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లకు 755, అందులోని ఫైళ్లకు 644 చాలు, వాటి సొంతదారు రూట్ అనే నిర్వాహక ఖాతా. ప్రోగ్రాంను వెబ్ సర్వర్ చదవాలి తప్ప మార్చకూడదు. మరొకటి, మూడుల్‌డేటాను వెబ్ ఫోల్డరు లోపల పెట్టి ఉంటే ఈ రోజే బయటికి తరలించి, కాన్ఫిగ్ ఫైలులో కొత్త చోటు రాయండి. లోపలే ఉంటే పిల్లలు అప్పగించిన జవాబుపత్రాలను బ్రౌజర్‌లో నేరుగా తెరిచే వీలు ఎవరికైనా దొరకవచ్చు.

ప్రశ్నార్థకాల విషయంలో సర్వర్ నిర్దోషి. మీరు ఎక్కించిన సీఎస్‌వీ ఫైలును, అంటే కామాలతో విడదీసిన జాబితాను, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయని నా పందెం. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా దాస్తే, తెలుగు అక్షరాలకు ఆ ఫైలులో చోటు లేక ఒక్కొక్కటీ ప్రశ్నార్థకం అయిపోతుంది. అసలు అక్షరం ఇక ఆ ఫైలులో ఉండదు, ఏ మంత్రమూ తిరిగి తేలేదు. మొదటి ఎక్సెల్ ఫైలు తెరిచి, దాచేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న రకం ఎంచుకోండి. యూటీఎఫ్-8 అంటే తెలుగుకూ చోటున్న రాత పద్ధతి. దీనికి పూర్తిగా వేరైన జబ్బు ఒకటుంది, పోల్చుకోవడం నేర్చుకోండి. ప్రశ్నార్థకాలకు బదులు, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన చిన్న సున్నా, మళ్లీ ఏదో గుర్తు, ఇలా వరుసగా వస్తే సంతోషించండి. అక్షరాలు క్షేమంగా ఉన్నాయి, చదివేవాడు తప్పుగా చదువుతున్నాడు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఆ మూడింటినీ విడివిడి అక్షరాలుగా చదివితే వచ్చే వేషం అది. జాబితా ఎక్కించే పేజీలో ఎన్‌కోడింగ్‌ను, అంటే ఆ రాత పద్ధతిని, సరిచేస్తే పేర్లు మామూలైపోతాయి.

పెద్ద ఫైళ్ల సంగతి చిన్నది. మూడుల్‌ను నడిపే పీహెచ్‌పీ అనే భాష తనంతట తాను ఒక ఫైలుకు 2 ఎంబీ, పేజీ మొత్తానికి 8 ఎంబీ మాత్రమే ఒప్పుకుంటుంది. రెండూ పెంచాలి. ఉబుంటులో పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు వెబ్‌కు వేరు, కమాండ్ లైన్‌కు వేరు. చాలామంది రెండోదాన్ని మార్చి, ఏమీ కాలేదని గంటలు పోగొట్టుకుంటారు. వెబ్‌కు సంబంధించిన ఫైలును మార్చి అపాచీని తిరిగి మొదలుపెట్టండి.

మీరు అడగలేదు, అయినా చెబుతాను. బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు. మూడుల్‌డేటాలోకి వెళ్లి చూడండి, పిల్లల ఫైళ్లు పేర్లతో ఉండవు. ఒక్కొక్కటి నలభై అక్షరాల సంకేతంతో ఉంటుంది. ఏ సంకేతం ఎవరి జవాబుపత్రమో డేటాబేస్‌లో రాసి ఉంటుంది. డేటాబేస్ పోతే మిగిలేది పేర్లు చెరిగిపోయిన కట్ట మాత్రమే, మూడుల్‌డేటా పోతే మిగిలేది పత్రాలు లేని పేర్లు మాత్రమే. రెండింటినీ, కాన్ఫిగ్ ఫైలుతో సహా ప్రోగ్రాంనూ ఒకే రాత్రి తీసి, ఇంకో డిస్కులో పెట్టండి. నేను బడి సర్వర్ చూసుకున్న మొదటి ఏడాది బ్యాకప్‌ను అదే డిస్కులో వేరే ఫోల్డరులో దాచాను. డిస్కు పోయిన రోజు నా ముందుజాగ్రత్త కూడా దానితోపాటే వెళ్లిపోయింది.

ప్రశ్న: మేడమ్, వేసవి సెలవుల్లో బడి సర్వర్‌ను ఆపేయవచ్చా? ఆపితే మళ్లీ లేస్తుందా?

జవాబు: ఆపవచ్చు, కానీ పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఆపండి, ప్లగ్గు లాగకండి. డేటాబేస్ రాస్తున్న మధ్యలో కరెంటు పోతే పట్టికలు చెడే ప్రమాదం ఉంది.

లేచిన తర్వాత మొదట చూడాల్సింది తేదీ. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే నాణెమంత బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గు తీసేసి ఉంచితే గడియారానికి ఆధారం అదొక్కటే. ఒకసారి సెలవుల తర్వాత మా సర్వర్ కొన్నేళ్ల వెనకటి తేదీతో లేచింది. ఇంటర్నెట్ లేని గది కాబట్టి తేదీని సరిచేసుకునే దారి దానికి లేదు. నేను గమనించలేదు. పిల్లలు గమనించారు. గడువు ముగిసిన అసైన్‌మెంట్ మళ్లీ తెరుచుకుంది, తొమ్మిది మంది బుద్ధిగా జవాబులు ఎక్కించారు. పైగా అవన్నీ గడువుకు కొన్నేళ్ల ముందే అప్పగించినట్టు నమోదయ్యాయి. ఆ తొమ్మిది మందికీ మార్కులు ఇచ్చాను, వేరే ఏం చేస్తాను!

చాలా యంత్రాల్లో ఆ బ్యాటరీ సీఆర్ 2032 రకం. తీసి దాని మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోండి.