రీఫ్ ట్యాంక్‌కి ఎల్‌ఈడీ లైట్ ఎలా ఎంచుకోవాలి?

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంక్. ఉప్పునీళ్లు పోసి నాలుగు నెలలైంది, చేపలు బాగున్నాయి, ఇప్పుడు కోరల్స్, అంటే పగడపు జీవులు, తెచ్చుకుందామనుకుంటున్నారు. ముందు మష్రూమ్స్, జొయాంథిడ్స్ అనే మెత్తటి రకాలు, ఒక టార్చ్ కోరల్. అంతా కుదురుకున్నాక అక్రోపోరా అనే కొమ్మల కోరల్. రెండు ఎల్‌ఈడీ లైట్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి 300 వాట్లని రాసి ఉన్న ప్యానెల్, తెల్లగా కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతోంది, డబ్బా మీద ల్యూమెన్లు పెద్ద అంకెలో ఉన్నాయి. రెండోది 130 వాట్లే, చూడ్డానికి నీలంగా, డల్‌గా ఉంది. ఎక్కువ వెలుగున్నదే కోరల్స్‌కి మంచిది కదా, మరి తక్కువ వాట్లున్నదాన్ని అందరూ ఎందుకు మెచ్చుకుంటున్నారని అడిగారు.

నాదీ ఇంచుమించు మీ కొలతల ట్యాంకే. మొదటి నాలుగేళ్లు టీ5 అనే సన్నటి ట్యూబ్‌లైట్లతో నడిపాను, ఐదేళ్లుగా ఎల్‌ఈడీతో నడుపుతున్నాను. మీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. దాన్ని కంటిచూపుతోనే తేల్చేసుకున్నాను. అప్పుడేం జరిగిందో ముందు చెప్తాను, నేనిచ్చే సలహాలో సగం అక్కడ నేర్చుకున్నదే.

నా పాత ట్యూబ్‌లు మార్చి ఏడాది దాటింది. టీ5 ట్యూబ్‌లు పైకి బాగానే వెలుగుతున్నట్టుంటాయి కానీ ఆ వయసుకి వాటి సత్తా తగ్గిపోతుంది, కోరల్స్ కూడా ఆ తక్కువ వెలుగుకే మెల్లగా అలవాటు పడతాయి. ఒక సాయంత్రం ఆ ట్యూబ్‌లు దించి ఎల్‌ఈడీ బిగించాను. స్విచ్ వెయ్యగానే ట్యాంకంతా నీలంగా అయిపోయింది. ముందున్న వెలుగులో సగం కూడా లేదనిపించింది. పాపం వీటికి చాలదేమోనని అన్ని ఛానెళ్లూ, అంటే విడివిడిగా పెంచి తగ్గించుకునే ఒక్కో రంగు ఎల్‌ఈడీల గుంపులన్నీ, 100 శాతానికి పెట్టేశాను.

మూడో రోజుకి జొయాంథిడ్స్ ముడుచుకున్నాయి. రాళ్ల పైఅంచున అరచేయంత మోంటిపోరా కోరల్ ఒకటి గొడుగులా పరుచుకుని ఉండేది, ముదురు ఎరుపు రంగు. ఎనిమిదో రోజుకి దాని మధ్యభాగం సుద్దముక్కలా తెల్లబడింది. దగ్గరికెళ్లి చూస్తే, దానికి పైన ఉన్న ఇంకో కోరల్ కొమ్మ నీడ పడ్డ చోట మాత్రం ఎరుపు అలాగే ఉంది. కొమ్మ ఎలా ఉందో ఆ ఎరుపు కూడా అలాగే, వేలి మందాన, చివర రెండు పాయలుగా చీలి. నీళ్లలో తేడా వచ్చినా, జబ్బు చేసినా నీడ గీసినట్టు అంత కచ్చితంగా వదిలిపెట్టదు కదా. లైట్ వల్లేనని అప్పుడు అర్థమైంది. వెంటనే 35 శాతానికి తగ్గించాను. రంగు తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో రూపాయి బిళ్లంత భాగం కోలుకోలేదు, చచ్చిపోయి నాచు పట్టింది. ఆ మూడు నెలలూ రోజూ పొద్దున్నే దాన్ని చూడ్డం నాకు పెద్ద టెన్షన్.

అసలు కన్ను ఎందుకు మోసపోతుందంటే, మన కంటికి 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పచ్చటి వెలుగు బాగా కనిపిస్తుంది. రీఫ్ ఎల్‌ఈడీల్లో ముఖ్యమైన రాయల్ బ్లూ 450 దగ్గర ఉంటుంది. అక్కడ మన చూపు పదును ఆ పచ్చరంగుతో పోలిస్తే నూటికి నాలుగు పాళ్లే. ల్యూమెన్ అనే కొలత కూడా మనిషి కంటిని బట్టి పెట్టుకున్నదే. అంటే ఆ డబ్బా మీది పెద్ద అంకె చెప్పేది మీకెంత వెలుగు కనబడుతుందన్నది మాత్రమే. కోరల్ కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాల లెక్క వేరు. కోరల్‌కి కావలసిన ఆహారంలో చాలా భాగాన్ని కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసి పెట్టేది అవే. వాటిలోని క్లోరోఫిల్‌లు 430 నుంచి 460 దాకా, పెరిడినిన్ అనే వర్ణకం అక్కడి నుంచి పచ్చని నీలం దాకా వెలుగుని పట్టుకుంటాయి. సముద్రంలో ఎరుపు పై నీళ్లలోనే ఇంకిపోతుంది, లోతుకి చేరేది నీలమే. అవి బతకడం నేర్చుకున్నది ఆ నీలంలోనే. నీలం ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమనో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ట్యాంక్ ముందు కూర్చున్నప్పుడు చాలాసార్లు ఆ ముగ్గురికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇక వాట్లు. అది లైట్ లాగే కరెంట్ లెక్క. పైగా ఇలాంటి ప్యానెళ్లలో చాలావాటికి లోపలున్న ఎల్‌ఈడీల గరిష్ఠ సామర్థ్యాలన్నీ కూడి 300 అని రాస్తారు, గోడ దగ్గర వాట్ మీటర్ పెట్టి చూస్తే లాగేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అందులోనూ ఎంత భాగం నీలంగా వస్తోంది, లెన్సుల్లోంచి ఎటు పోతోంది అన్నది వాట్లు చెప్పవు.

మీరు అడగాల్సిన అంకె పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, అంటే కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుగు, ఒక చోట సెకనుకి ఎంత పడుతోందో చెప్పే కొలత అది. మష్రూమ్స్‌కి 50 నుంచి 100 చాలు. జొయాంథిడ్స్ 75 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. టార్చ్‌కి 80 నుంచి 150. మోంటిపోరా పళ్లేలకి 150 నుంచి 250, అక్రోపోరాకి 200 నుంచి 350. ఇవి గీత గీసినట్టు పాటించాల్సినవేం కాదు, ఒకే జాతి కోరల్ రెండు ట్యాంకుల్లో రెండు రకాలుగా ఉండొచ్చు. కానీ లైట్ కొనే ముందు ఈ అంకెలు మనసులో ఉంటే, "ఎంత వెలుగు" అన్న ప్రశ్న కాస్తా "ఏ మూలలో ఎంత" అని మారుతుంది. ఆ రెండో ప్రశ్నే ముఖ్యం.

ఎందుకంటే చాలామంది నడిమధ్య వచ్చే పెద్ద అంకె చూసి కొనేస్తారు. మోంటిపోరా సంగతి జరిగాక ఒక స్నేహితుడి దగ్గర పార్ మీటర్ అడిగి తెచ్చుకున్నాను. లైట్ నీళ్లకి ఆరంగుళాల ఎత్తులో ఉంది. నీళ్లలో ఆరంగుళాల లోతున సరిగ్గా లైట్ కింద 380 చూపించింది. సెన్సర్‌ని అదే లోతులో ఎడమ మూలకి జరిపితే 45. మధ్యలో మాడిపోతుంటే మూలల్లో ఆకలితో ఉన్నాయన్నమాట. లైట్‌ని పదకొండు అంగుళాల ఎత్తుకి లేపాను, శాతాలేమీ మార్చలేదు. మధ్యలో 230కి దిగింది, మూల 80కి పెరిగింది. ఒక్క పైసా పెట్టకుండా ట్యాంక్ మారిపోయింది. అందుకే స్టాండ్ గానీ వేలాడదీసే తీగ గానీ ఎత్తు మార్చుకునేలా ఉండాలని మొదటి రోజు నుంచే చూసుకోండి.

కంపెనీని పార్ మ్యాప్ అడగండి. ట్యాంక్‌ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో ఎంత వచ్చిందో చూపించే పటం అది. ఎంత ఎత్తునుంచి, ఎంత లోతులో, ఏ ఛానెల్ ఎంత శాతంలో ఉండగా, నీళ్లలో కొలిచారా గాల్లోనా అన్నది అందులో ఉండాలి. ఇవేవీ లేకుండా ఒక్క అంకె ఇస్తే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఫోన్‌లో వెలుగు కొలిచే యాప్‌లు కూడా వద్దు, అవి కొలిచేది కంటికి కనిపించే వెలుగునే కాబట్టి నీలం దగ్గర మళ్లీ అదే మోసం. ట్యూబ్‌లైట్ల కాలపు పాత పార్ సెన్సర్లు కొన్ని 450 దగ్గరి నీలాన్ని తక్కువ చేసి చూపిస్తాయి, మీటర్ అరువు తెచ్చుకుంటే అపోజీ వాళ్ల ఎంక్యూ-510 లాంటి, ఎల్‌ఈడీకి సరిపడేది తెచ్చుకోండి.

మీ ట్యాంక్ పొడవు మూడడుగులు. నలుచదరంగా ఉండే ఒక మంచి రీఫ్ లైట్ సుమారు రెండడుగుల మేర బాగా పరుస్తుంది, అటూ ఇటూ చివర్లు మసకగానే మిగిలిపోతాయి. మొదట మీరనుకుంటున్న మష్రూమ్స్, జొయాంథిడ్స్, టార్చ్‌కి ఆ 130 వాట్లది ఒక్కటీ నిక్షేపంగా సరిపోతుంది. అడుగున్నర లోతు పెద్ద లోతేమీ కాదు. అక్రోపోరా తెచ్చే నాటికి రెండోది పక్కన చేర్చుకోండి, లేదా ఇప్పుడే కాస్త చిన్నవి రెండు తీసుకోండి. నాకైతే రెండు చిన్నవే ఇష్టం. అక్రోపోరా కొమ్మలు ఒకదాని మీద ఒకటి నీడ వేసుకుంటాయి, ఒకే వైపు నుంచి వెలుగు పడితే కింది కొమ్మలు ఏడాదిలో గోధుమరంగుకి తిరిగి, ఆ తర్వాత ఊడిపోతాయి. రెండు దిక్కుల నుంచి వస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

అలాగని ట్యాంకంతా సమానంగా వెలగాలని కూడా తాపత్రయపడకండి. మసక మూలలు మష్రూమ్స్‌కి వరం. నా ట్యాంక్‌లో ఎడమ మూల ఇసుక మీద 60 దాటదు, అక్కడున్న మష్రూమ్స్ ఎంత బాగా విచ్చుకుంటాయో చెప్పలేను. టార్చ్‌ని ఇసుకకి కాస్త పైన, పక్కగా పెట్టండి. దాని చుట్టూ కనీసం ఆరంగుళాలు ఖాళీ వదలండి, రాత్రిపూట పొడవాటి టెంటకిల్స్ చాచి పక్కవాటిని కుట్టేస్తుంది.

రంగుల విషయంలో నేను చూసేది ఒకటే, నీలాన్ని, తెలుపుని విడివిడిగా పెంచి తగ్గించుకునే వీలుండాలి. ఆన్, ఆఫ్ తప్ప ఇంకేమీ లేని లైట్ అయితే ఎంత బాగున్నా వద్దు. రాయల్ బ్లూ, నీలం ఎక్కువగా, 400 నుంచి 430 మధ్య ఊదారంగువి కొన్ని, తెలుపు తక్కువగా ఉంటే కోరల్స్‌కి చాలు. ఎరుపు, ఆకుపచ్చ మన కంటికోసం కొద్దిగా ఉంటే సరి. ఇంకొక మాట, నీలంలో కోరల్స్ మెరుస్తుంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనని అనుకోవద్దు. ఆ మెరుపు వాటి చర్మంలోని ప్రొటీన్లది, నీరసపడ్డ కోరల్ కూడా మెరుస్తుంది. నేను రోజుకోసారి తెలుపు పెంచి, ఐదు నిమిషాలు మామూలు వెలుగులో అన్నిటినీ చూసుకుంటాను. నా మోంటిపోరా తెల్లబడటం మొదలైనప్పుడు ఆ నీలంలో రెండు రోజులపాటు గమనించనే లేదు.

కొన్న తర్వాత చేయాల్సిన పని కొనడంకన్నా ముఖ్యం. మీరు చేరదలచుకున్న పార్‌లో సగం వచ్చేలా మొదలుపెట్టి, వారానికి ఐదు శాతం చొప్పున, ఆరు వారాలు తీసుకుని పెంచండి. కొత్త కోరల్‌ని ముందు కింద పెట్టి, రెండు మూడు వారాల తర్వాత పైకి జరపండి. పూర్తి వెలుగు రోజుకి ఎనిమిది గంటలు చాలు, పొద్దున, సాయంత్రం నెమ్మదిగా పెరిగి తగ్గేలా టైమర్ పెట్టుకోండి. మీది నాలుగు నెలల ట్యాంకే కాబట్టి అంతకంటే ఎక్కువసేపు వెలిగిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ తోడై ముందు పెరిగేది నాచే.

పెంచుతున్న రోజుల్లో కోరల్స్‌నే చూస్తూ ఉండండి. జొయాంథిడ్స్ కాడలు సాగి పైకి మెడ చాస్తుంటే వెలుగు చాలట్లేదు. మష్రూమ్ ముడుచుకుని చిన్నదైపోతుంటే, రంగు పాలిపోతుంటే ఎక్కువైంది. అక్రోపోరా గోధుమరంగుకి తిరిగితే శైవలాలు లోపల పెరిగిపోయాయని, అంటే వెలుగు తక్కువై ఉండొచ్చు, నీళ్లలో పోషకాలు ఎక్కువై ఉండొచ్చు, రెండూ చూడాలి. మోంటిపోరా అంచు చుట్టూ సన్నగా తెల్లగీత కనబడితే మాత్రం కంగారు పడొద్దు. అది కొత్తగా పెరుగుతున్న అంచు, సంతోషించాల్సిన విషయం. తెలుపు మధ్యలో మొదలైతేనే లైట్ తగ్గించండి. ఒకసారి తగ్గించాక కనీసం రెండు వారాలు ఇంకేమీ ముట్టుకోకండి. కంగారులో రోజుకో మార్పు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, కోరల్‌కీ కుదురు ఉండదు.

నీళ్ల పైన కరెంట్ వస్తువు వేలాడుతోందని మర్చిపోవద్దు. వైరు ప్లగ్ కన్నా కిందికి వంగి వెళ్లేలా చూడండి, తడి జారినా ఆ వంపు దగ్గర నేల మీదికి కారిపోతుంది. లీకేజీకి ఆగిపోయే బ్రేకర్ తప్పనిసరి. రెండు వారాలకోసారి లైట్ ఆపి, చల్లారాక, లెన్సుల మీద పేరుకున్న ఉప్పుని ఆర్ఓ నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ పలుచటి పొర కూడా వెలుగుని తినేస్తుంది. ఫ్యాన్ ఉన్న లైట్ అయితే దాని దుమ్ము కూడా. ఎల్‌ఈడీ కన్నా ముందు ఫ్యానే పోతుంది సాధారణంగా.

కాబట్టి మీరడిగిన రెండిట్లో, పార్ మ్యాప్ ఇవ్వగలిగితే, ఛానెళ్లు విడిగా మార్చుకునే వీలుంటే 130 వాట్లదే తీసుకోండి. పదకొండు అంగుళాల ఎత్తులో బిగించి 30 శాతంతో మొదలుపెట్టండి. కుదిరితే మీటర్ తెచ్చి, కోరల్స్ రాకముందే ఖాళీ రాళ్ల మీద పది చోట్ల కొలిచి, ఒక కాగితం మీద ట్యాంక్ బొమ్మ గీసి ఆ అంకెలు రాసి పెట్టుకోండి. నా కాగితం ఐదేళ్లుగా ట్యాంక్ కింది అలమర తలుపుకి అంటించే ఉంది, కొత్త కోరల్ వచ్చిన ప్రతిసారీ సంచిలో దాన్ని తేల్చి పెట్టి, ముందు ఆ కాగితమే చూస్తాను.