కొసరి వడ్డించకు తల్లీ

కావలి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. మీ నాన్నకు కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని తేలిందట, రేపటినుంచి పొద్దున పూట ఇంట్లోనే గ్రనోలా, అదే ఓట్స్, గింజలు, తీపి కలిపి కరకరలాడేలా కాల్చి పాలల్లో తినేది, చేసి పెడతానని నువ్వు పట్టుబట్టావట. ఆ మాటకు నా కడుపు నిండింది. వెంటనే గుబులూ పట్టుకుంది. నీ చెయ్యి నాకు తెలుసు. అది అచ్చంగా మీ అమ్మమ్మ చెయ్యి. అందుకే ఈ ఉత్తరం.

చేయడం పెద్ద విద్య కాదు. రేకుల్లా ఉండే రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు తీసుకో. నీళ్లు తగలగానే జావయ్యే ఇన్‌స్టంట్ రకం వద్దు. బొరుగులు 50 గ్రాములు, బాదం ముక్కలు 30, గుమ్మడి గింజలు 20. 60 గ్రాముల బెల్లాన్ని రెండు మూడు చెంచాల నీళ్లలో కరిగించి వడగట్టు, పాకం రానివ్వకు. బాగా మగ్గిన అరటిపండు ఒకటి చిదిమి అందులో కలుపు. నూనె చేయాల్సిన పని చాలావరకు అదే చేస్తుంది కాబట్టి, నూనె మొత్తానికీ ఒక్క పెద్ద చెంచా చాలు. ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఉండలు ఉండలుగా కావాలంటే ఒక గుడ్డు తెల్లసొన గిలకొట్టి కలుపు, కొవ్వు లేకుండానే అతుక్కుంటుంది. ఓవెన్‌లో 150 డిగ్రీల మీద 35 నుంచి 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగెయ్యి. తీసినప్పుడు ఇంకా మెత్తగానే ఉంటుంది. కంగారుపడి మళ్లీ లోపల పెట్టకు, చల్లారుతూ కరకరలాడుతుంది. ఎండుద్రాక్ష ఆఖరున, చల్లారాకే.

గోరువెచ్చగా ఉండగా డబ్బాలో పొయ్యకు. మూతకు చెమట పట్టి మొత్తం మెత్తబడుతుంది. నవంబరు ముసుర్లలో మరీ జాగ్రత్త. అరటిపండు వేసినది పది రోజులకు మించి ఉంచవద్దు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2012లో మీ పెదనాన్నకు గుండెలో స్టెంటు వేశారు. ఇంటికి వచ్చాక వంటింట్లో నూనె డబ్బా చూస్తేనే నాకు భయం వేసేది. పూరీలు, వడలు, ఊరగాయలు అన్నీ బంద్. ఆ రోజుల్లోనే మీ అన్నయ్య బెంగళూరు నుంచి గ్రనోలా పొట్లం ఒకటి తెచ్చాడు. ఆయనకు నచ్చింది. నేను ఇంట్లోనే మొదలుపెట్టాను. బలం కావాలని వేరుశనగ పప్పు, నువ్వులు, దోసెడు ఎండుకొబ్బరి, వాసన కోసం నెయ్యి, పంచదార లేదు కదా అని చేతికొద్దీ బెల్లం. వేయించినది కాదు, బజారుది కాదు, నా చేత్తో చేసినది. రోజూ పెద్ద గిన్నె నిండా పోసి, పాలు పోసి, ఆయన తినేదాకా పక్కనే నిలబడేదాన్ని. గిన్నె ఖాళీ అయితే మరో గుప్పెడు వేసేదాన్ని.

మూడు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే కొలెస్టరాల్ తగ్గకపోగా పెరిగింది. నాలుగు కిలోల బరువూ పెరిగారు. ఆహార నిపుణురాలు నీ వయసు పిల్ల. ఆయన తినే గిన్నె, ఆ డబ్బా రెండూ తెమ్మంది. మర్నాడు తీసుకెళ్లాను. ఇంట్లో పోసినట్టే పొయ్యమంది. పోశాను. తూకం మీద పెట్టింది. 160 గ్రాములు. తినాల్సింది 40. కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆ ఒక్క గిన్నెలో కొవ్వు 30 గ్రాములు దాటింది. ఆరు చిన్న చెంచాల నూనె తాగించినట్టు. ఎండుకొబ్బరిలో సగానికి పైగా కొవ్వేననీ, అందులోనూ గుండెకు మంచిది కాని రకమే ఎక్కువనీ ఆవేళే తెలిసింది. బెల్లం కూడా చక్కెర చేసే పనే చేస్తుందని కూడా.

బయట బల్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ పెదనాన్న నా చేతిలోంచి డబ్బా తీసుకుని మెల్లగా అన్నారు: "సగం గిన్నెకే నాకు చాలనిపించేది. నువ్వు నిలబడి చూస్తుంటే వదిలేయడానికి మనసు ఒప్పలేదు."

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్ర లేపుతుంది. మనింట్లో కొలిచి వడ్డించడం తప్పు. కనిగిరి పక్క మెట్ట ఊళ్లో, వానలు మొహం చాటేసిన ఏళ్లలో మా అమ్మ సజ్జ సంగటి ముద్దలు లెక్కపెట్టుకుని బతికింది. తర్వాత నాలుగు గింజలు ఇంటికి వచ్చాక, వద్దు వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించేది. ఆకలి చూసిన మనిషి చెయ్యి అది. ఆ చెయ్యే నాకు వచ్చింది, నా తర్వాత నీకు. అన్నంలో చారులో అది చల్లని చెయ్యే తల్లీ, గ్రనోలా దగ్గర మాత్రం కట్టెయ్యి.

నేను చెప్పిన కొలతలతో చేస్తే 40 గ్రాముల వంతులు పన్నెండు వస్తాయి. వంతుకు కొవ్వు 5 గ్రాముల దగ్గర ఉంటుంది. వెన్న తీసిన పాలతోనో, పల్చటి పెరుగుతోనో పెట్టు. కొలెస్టరాల్‌ను కొంత తగ్గించేది ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు. అది రోజుకు 3 గ్రాములు కావాలి, ఈ వంతులో ఒక గ్రామే ఉంటుంది. కాబట్టి గ్రనోలా తింటున్నాను కదా అని మీ నాన్న కొలెస్టరాల్ మాత్ర మానేస్తానంటే మాత్రం నాకు చెప్పు, నేనే ఒంగోలు వచ్చి మాట్లాడతాను. నీకన్నా నా మాట వింటాడు, మొదటినుంచీ అంతే.

కోప్పడ్డానని అనుకోకు. పాతికేళ్లకే తండ్రి కోసం పొయ్యి దగ్గర నిలబడతానన్న పిల్లవి, నిన్ను చూస్తే గర్వంగా ఉంది.

ఆదివారం మీ తమ్ముడు వస్తున్నాడు కదా, వాడి చేతికి ఒక చిన్న స్టీలు గిన్నె ఇచ్చి పంపుతున్నాను. ఆ రోజు నుంచి మీ పెదనాన్న ఇందులోనే తింటున్నారు, ఇప్పటికీ. ఆయన కోసం ఇంకొకటి చూసుకుంటానులే. పక్కన చిన్న సొట్ట ఉంది, దాన్ని తీయించకు. ఆ సొట్ట దాకా పోస్తే సరిగ్గా 40 గ్రాములు.

మీ పెద్దమ్మ