సి షిఫ్ట్ దిగిన పొద్దుటి నుంచే సెలవు లెక్క

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. మా బాబు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. గడ్‌చాందూర్ దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద మూడు షిఫ్టుల పని దొరికింది. అక్కడ ఆదివారమని లేదు, పండగని లేదు అంటున్నారు. చంద్రపూర్‌లో ఒక పెద్ద షోరూమ్ వాళ్లు కూడా రమ్మంటున్నారు, జీతం మాత్రం తక్కువ. సంక్రాంతికి మంచిర్యాలలో మా అమ్మ వాళ్లింటికి కూడా రాలేని ఉద్యోగం ఎందుకని నా బాధ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. సిమెంట్ కిల్న్‌ని (ముడిసరుకు కాల్చే కొలిమిని) పండగ కోసం ఆపరు. ఆపి చల్లారబెట్టి మళ్లీ వేడి చేస్తే లోపలి ఇటుక దెబ్బతింటుంది, నష్టం చాలా ఉంటుంది. అందుకని సంక్రాంతి రోజునా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాల్సిందే. అయితే ఆ రోజు పని చేసినవాడికి బదులుగా ఏం ఇస్తారన్నది కంపెనీ దయ మీద వదిలేసే విషయం కాదు. ఉద్యోగం మంచిదో కాదో అక్కడే తేలుతుంది.

ముందు వారపు సెలవు చూద్దాం. వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదు. అది ఆదివారమే కానక్కర్లేదు. వీక్లీ ఆఫ్ రోజు డ్యూటీకి పిలిస్తే ఆ నెలలోగానీ, తర్వాతి రెండు నెలల్లోగానీ సి-ఆఫ్ (బదులు సెలవు) ఇవ్వాలి. రాత్రి షిఫ్ట్‌కి మాత్రం లెక్క వేరు. అర్ధరాత్రి దాటే షిఫ్ట్ చేసేవాడికి సెలవంటే షిఫ్ట్ దిగినప్పటి నుంచి 24 గంటలు. శనివారం రాత్రి 10కి సి షిఫ్ట్ (రాత్రి షిఫ్ట్) ఎక్కి ఆదివారం పొద్దున 6కి దిగితే, సోమవారం పొద్దున 6కి సెలవు అయిపోతుంది. అదే సోమవారం ఎ షిఫ్ట్ (పొద్దున 6 షిఫ్ట్) వేస్తే చట్టం ప్రకారం తప్పు లేదు. కానీ కుర్రాడు ఆదివారం పగలంతా నిద్రపోతాడు, సాయంత్రం అన్నం తిని మళ్లీ తెల్లారుజామున 4కి లేస్తాడు. ఎ నుంచి బి (మధ్యాహ్నం షిఫ్ట్) కి, బి నుంచి సి కి మారేటప్పుడు రెండు డ్యూటీల మధ్య 48 గంటలు దొరుకుతాయి. సి నుంచి ఎ కి మారేటప్పుడే 24కి పడిపోతుంది. చివరి సి షిఫ్ట్ శుక్రవారం రాత్రిదైతే ఇక్కడా 48 వస్తాయి. కాబట్టి చేరకముందే టైమాఫీసులో (హాజరు రాసే ఆఫీసులో) షిఫ్ట్ చార్ట్ అడిగి, సి నుంచి ఎ కి మారే ఆ ఒక్క గడి చూడమనండి. కరెంటు పని చేసేవాడికి నిద్ర చాలకపోతే ప్రాణం మీదికి వస్తుంది. జీతం కన్నా ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

జనవరి 26, ఆగస్టు 15 లాంటి రోజుల్లోనూ రాత్రి షిఫ్ట్‌తోనే పేచీ వస్తుంది. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలు ముందు రోజు ఖాతాలోకే పోతాయి. అంటే 25 రాత్రి ఎక్కి 26 పొద్దున దిగితే అది 25 డ్యూటీ. 26 రాత్రి ఎక్కినదే 26 డ్యూటీ. టైమాఫీసు ఏ రాత్రిని సెలవు రోజు డ్యూటీగా రాసుకుంటుందో ముందే తెలిసి ఉంటే జీతం రోజున గొడవ ఉండదు.

ఫ్యాక్టరీలో పండగ సెలవుల జాబితా స్టాండింగ్ ఆర్డర్లనో (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాలనో) యూనియన్ ఒప్పందాన్నో బట్టి ఉంటుంది, ఏటా బోర్డు మీద పెడతారు. గుడి పడ్వా ఉంటే మన ఉగాది వచ్చినట్టే. కానీ సంక్రాంతికి మీ అమ్మగారింటికి వెళ్లి రావాలంటే ఒక్క రోజు చాలదు, మిగతావి ఎర్న్‌డ్ లీవ్‌లోంచి (పని చేసిన రోజులను బట్టి జమయ్యే జీతపు సెలవుల్లోంచి) తీయాలి. అది ముందుగానే కాగితం మీద పెట్టాలి. పోలాకో (మరాఠీవాళ్ల ఎద్దుల పండగ) దీపావళికో మరాఠీ తోటివాళ్ల రాత్రులు మీ బాబు చేసి, సంక్రాంతికి వాళ్లను అడిగితే పని జరుగుతుంది. ఆ మార్పిడి మీద షిఫ్ట్ ఇంచార్జి సంతకం తప్పనిసరి. నోటిమాటగా మార్చుకుంటే చార్ట్‌లో పేరున్నవాడికే నాగా పడుతుంది. పొరపాటున కూడా రెండు షిఫ్టులు వరసగా చేసేలా ఒప్పుకోవద్దని చెప్పండి.

ఎర్న్‌డ్ లీవ్ లెక్క ఇది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ ప్రకారం ఏడాదిలో 180 రోజులు పని చేస్తే చాలు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఇది 240. పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు వస్తుంది. 264 రోజులు చేస్తే 13, 270 చేస్తే 14, ఎందుకంటే సగమో అంతకన్నా ఎక్కువో మిగిలితే పూర్తి రోజుగా లెక్కేస్తారు. (బొగ్గు గనిలో భూగర్భంలో దిగేవాళ్లకు 15 రోజులకే ఒకటి.) వాడుకోనివి 30 దాకా వచ్చే ఏడాదికి పోతాయి. అడిగినా ఇవ్వనివైతే ఆ పరిమితి లేదు. ఏటా మరమ్మతులకు కిల్న్ ఆపే షట్‌డౌన్‌లో ఎలక్ట్రీషియన్ల సెలవులు కోసేస్తారు కాబట్టి, ఇవ్వలేదని రాసిన ఆ దరఖాస్తు కాగితాన్నే దాచుకోవాలి. ఫ్యాక్టరీలో క్యాజువల్ లీవ్ అనేది చట్టం ఇచ్చినది కాదు, కంపెనీ ఇస్తేనే ఉంటుంది.

కాంట్రాక్టర్ కింద పోయేది కూడా ఈ లెక్కే. కాంట్రాక్టర్ మారగానే కొత్త వాడు హాజరీ సున్నా నుంచి మొదలుపెడతాడు. పాత వాడి దగ్గర మిగిలిన సెలవులకు డబ్బు రావాలి, పని మానిపించినా మానేసినా రెండు పనిదినాల్లోగా. రోజుకూలీ లెక్కన ఇస్తే వారపు సెలవుకు వేరే డబ్బు ఉండదు, నెలకు 26 రోజులే పడతాయి. అందుకే పండగ సెలవుకు కూలీ ఇస్తారా అని విడిగా అడగాలి. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉందో లేదో కూడా చూడండి. జీతం 21,000 లోపు ఉంటే, ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా పడితే, జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా కూలీలో 70 శాతం వస్తుంది.

ఒకవేళ అప్రెంటిస్‌గా తీసుకుంటామంటే చట్టం దృష్టిలో అతను శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాదు. పైన చెప్పిన ఎర్న్‌డ్ లీవ్ అతనికి రాదు, ఆ కంపెనీ పద్ధతే వర్తిస్తుంది.

షోరూమ్ సంగతి తేలిక. మహారాష్ట్ర షాపుల చట్టం కింద నమోదైన పెద్ద షాపులో ఏడాదికి 8 పండగ సెలవులు జీతంతో వస్తాయి: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఏడాది మొదలవకముందే మాట్లాడుకున్న మరో నాలుగు. ఆ రోజు పని చేయిస్తే రెండింతల కూలీ, ఇంకో రోజు సెలవు. 8 క్యాజువల్ లీవ్‌లు వేరే. సెలవుల పరంగా అదే మెరుగు. కానీ ఐటీఐ చదివిన కుర్రాడు షోరూమ్‌లో రెండేళ్లుంటే చేతిపని పోతుంది.

నేనైతే ఫ్యాక్టరీకే పంపమంటాను, ఒక షరతు మీద. నియామక పత్రంలో వారపు సెలవు, ఎర్న్‌డ్ లీవ్, కాంట్రాక్టర్ పేరు రాసి ఉండాలి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు కోడ్ ప్రకారం తప్పనిసరి. ఇవ్వబోమంటే చేరొద్దు. చేరాక ఇరవై రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనివ్వండి. తేదీ, షిఫ్ట్, ఆఫ్ రోజు చేసిన డ్యూటీ, దానికి సి-ఆఫ్ ఎప్పుడిచ్చారు, ఈ నాలుగూ రోజూ రాసుకుంటే, డిసెంబర్‌లో టైమాఫీసు వాళ్లు ఎర్న్‌డ్ లీవ్ 11 అన్నప్పుడు 13 అని పేజీ తిప్పి చూపించగలడు.