శవయాత్రకు అరవై బొమ్మలా?

ప్రశ్న: 1623లో అచ్చయిన ఒక బొమ్మల పుస్తకం ఆన్‌లైన్‌లో చూశాను. ఆర్చ్‌డ్యూక్ ఆల్బర్ట్ శవయాత్రట. పేజీలకు పేజీలు నల్లబట్టల మనుషులు నడుస్తూనే ఉన్నారు. ఒక్క బొమ్మ చాలదా? అవి చూసి గీసినవా, ఊహించి గీసినవా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒక్క బొమ్మతో సరిపెడితే పెద్ద గొడవే అయ్యేదండీ! ఎవరు ఎవరి ముందు నడిచారు, ఎవరి చేతిలో ఏ జెండా ఉంది అన్నదే అక్కడ అసలు విషయం, అందుకే మనుషుల పేర్లు కూడా వేశారు. ఆల్బర్ట్ భార్య ఇసబెల్లాతో కలిసి స్పానిష్ నెదర్లాండ్స్‌ను (దాదాపు ఇప్పటి బెల్జియం ప్రాంతం) ఏలినవాడు. పోయింది 1621 జూలై 13న, బ్రస్సెల్స్‌లో ఊరేగింపు జరిగింది 1622 మార్చి 12న, అంటే ఎనిమిది నెలలు ఆగి చేశారు. ఇంతకన్నా విచిత్రం ఆల్బర్ట్ తాత, చక్రవర్తి ఐదో చార్లెస్‌ది. ఆయన స్పెయిన్‌లో పోతే 1558 డిసెంబర్‌లో బ్రస్సెల్స్‌లో శవం లేకుండానే ఊరేగింపు చేసి, అందులో ఏకంగా ఒక ఓడనే నడిపించి, అదంతా అచ్చు కూడా వేయించారు. నన్నడిగితే ఇది ఏడుపు కాదు, దర్బారు.

ఇక మీ రెండో సందేహం. ఆల్బర్ట్ బొమ్మలు గీసిన జాకబ్ ఫ్రాంకార్ట్ వాస్తుశిల్పి, ఆ అంత్యక్రియల అలంకరణలకు రూపకల్పన చేసింది కూడా ఆయనే. కాబట్టి గాలిలోంచి పుట్టినవి కావు, అలాగని ఫొటోల్లాంటివీ కావు. జనం తోపులాట, బురద, విసుగు మొహాలు ఏవీ ఉండవు, అంతా అనుకున్నది అనుకున్నట్టే జరిగినట్టు ఉంటుంది. ఆ గీతలను కార్నెలిస్ గాలె రాగిరేకుల మీద చెక్కాడు. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది కాబట్టి అక్షరాలతో సహా అన్నీ తిరగేసి చెక్కాలి, గాడుల్లో సిరా నింపి, పైన అంటినది తుడిచేసి, తడిపిన కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కాలి. ఇదంతా అరవైకి పైగా రేకులకు!

ఇలాంటివాటిని వరసగా అతికించి చూసుకునేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో కవి ఫిలిప్ సిడ్నీ శవయాత్ర (1587) బొమ్మలను ఒకాయన అలా అతికించి, రెండు కడ్డీలకు చుట్టి తిప్పుతుంటే మనుషులు నడుస్తున్నట్టే కనిపించేదని, చిన్నప్పుడు దాన్ని చూసిన ఆంగ్ల రచయిత జాన్ ఆబ్రీ రాశాడు.

మళ్లీ ఆ పుస్తకం తెరిస్తే మనుషుల్ని కాసేపు వదిలేసి గుర్రాల్ని చూడండి. ఎక్కేవాడు లేకుండా నడిపించుకెళ్లే ఒక్కో గుర్రం ఆల్బర్ట్‌కు చెందిన ఒక్కో ప్రాంతానికి గుర్తు, మీద ఆ ప్రాంతపు చిహ్నం కప్పి ఉంటుంది.