ఆ ఎస్సై మీద పాత ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవచ్చా?

ప్రశ్న: మాది కోస్తాలో ఒక మండల కేంద్రం. మోటారు సైకిల్ దొంగతనం కేసులో అనుమానమంటూ ఐదు వారాల కిందట మా తమ్ముణ్ణి శుక్రవారం రాత్రి స్టేషన్‌కు తీసుకెళ్లి, ఆదివారం సాయంత్రం వదిలారు. అరికాళ్ల మీద, పిక్కల మీద లాఠీతో కొట్టారు. అరెస్టు చూపలేదు, కోర్టులో హాజరుపరచలేదు. తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నారు. మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో చూపించాం. ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీ ఇస్తే, ‘ఆరోపణలు రుజువు కాలేదు’ అని ఫోన్‌కు మెసేజ్ పంపి మూసేశారు. ఆ ఎస్సై మీద పాత స్టేషన్‌లోనూ ఇలాంటివే ఉన్నాయని, ఒకసారి వీఆర్‌కు (పోస్టింగు లేకుండా ఉంచే వేకెన్సీ రిజర్వుకు) పంపారని అంటున్నారు. అమెరికాలో ఇవన్నీ ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చని అక్కడున్న మా బావ చెప్పాడు. ఇక్కడ ఎలా? ఇలాంటి అధికారుల పట్టిక ఒకటి తయారుచేసి ఫేస్‌బుక్‌లో పెడతామని మా ఊరి కుర్రాళ్లు అంటున్నారు. పెడితే మా మీదే కేసు అవుతుందా?

జవాబు: మీరు అడిగినవి రెండు సంగతులండీ. ఒకటి మీ తమ్ముడికి జరిగినది, రెండోది ఆ అధికారి చరిత్ర. చరిత్ర ఆర్నెల్ల తర్వాతైనా తవ్వుకోవచ్చు. మీ తమ్ముడి విషయంలో సాక్ష్యం మాత్రం రోజురోజుకీ చెరిగిపోతోంది. అందుకే పట్టిక సంగతి కాసేపు పక్కనపెట్టి సీసీ కెమెరాల దగ్గర మొదలుపెడతాను.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు మీకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ఆయుధం. స్టేషన్‌లో ఏ మూల కెమెరా ఉండాలో కూడా అందులో రాసి ఉంది. మెయిన్ గేటు, రావడానికీ పోవడానికీ ఉన్న దారులు, అన్ని లాకప్‌లు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, బాత్రూంల బయట, స్టేషన్ వెనక భాగం, ఇలా ఏదీ వదల్లేదు. చీకట్లోనూ కనపడాలి, మాట కూడా రికార్డవ్వాలి. రికార్డింగును 18 నెలలు దాచాలి. అంత సామర్థ్యం ఉన్న పరికరాలు బజారులో దొరక్కపోతే కనీసం ఏడాదికి తగ్గకూడదు. కెమెరాలు సరిగా పనిచేసే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ (ఎస్‌హెచ్‌ఓ)ది. తన మానవ హక్కులకు భంగం కలిగినప్పుడు ఆ ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని స్టేషన్‌లో అందరికీ కనపడేలా బోర్డు కూడా పెట్టాలి.

తీర్పు అలా ఉంటే ఆచరణ ఇలా ఉంటుంది: హార్డ్ డిస్క్ చిన్నదైతే కెమెరాల రికార్డింగు పెట్టె (డీవీఆర్) పాత రికార్డింగు మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. లేదంటే, సరిగ్గా ఆ రెండు రోజులే ‘కెమెరా రిపేరు’. స్టేషన్లలో పనిచేయని కెమెరాల వ్యవహారాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనంతట తానే విచారణకు తీసుకుందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. కాబట్టి ఫుటేజీ కాపీ అడగడం కంటే ముందు ‘చెరిపేయకుండా భద్రపరచండి’ అని రాతపూర్వకంగా కోరాలి. ఈ రెండూ వేరు వేరు. కాపీ ఇవ్వడానికి వాళ్లు నెలలు సాగదీయవచ్చు. భద్రపరచమన్న కాగితం చేతికి అందాక చెరిగిపోతే మాత్రం కోర్టులో సమాధానం చెప్పుకోవలసింది వాళ్లే.

ఆ ఉత్తరం ‘ఆ రెండు రోజుల ఫుటేజీ’ అంటూ గాలికి రాయకండి. ‘ఫలానా తేదీ శుక్రవారం రాత్రి సుమారు 9.40కి పోలీసు జీపులో గేటు దాటి లోపలికి. నీలం గళ్ల చొక్కా, నల్ల ప్యాంటు. మొదట రైటర్ గది, తర్వాత ఎస్సై గది పక్క గది. ఆదివారం సాయంత్రం సుమారు 6.15కి అదే గేటులోంచి బయటికి’ అన్నంత వివరంగా ఉండాలి. దెబ్బలు కొట్టిన గదిలో కెమెరా లేకపోవచ్చు. ఫరవాలేదు. గేటు కెమెరాలో లోపలికి వెళ్తూ మామూలుగా నడిచిన మనిషి రెండు రోజుల తర్వాత గోడ పట్టుకుని కుంటుతూ బయటికి వస్తే, మధ్యలో ఏం జరిగిందో చెప్పే భారం స్టేషన్ మీద పడుతుంది. ఉత్తరాన్ని ఎస్‌హెచ్‌ఓకు, ఎస్పీకి, కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. కలెక్టరుకు ఎందుకంటే, సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలో ఎస్పీతో పాటు ఆయనా ఉంటారు. ఎదురుగా స్టేషన్ కనపడే దుకాణం కెమెరా ఏదైనా ఉంటే యజమానిని బతిమాలి ఈ రోజే కాపీ తీసుకోండి. ఆ ఫైలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలి, అప్పుడే సంతకం చేయించుకోండి.

ఇక ఆసుపత్రి కాగితం. ‘ఎమ్మెల్సీ చేశారా’ అని అడిగితే చాలామంది శాసనమండలి సభ్యుడనుకుంటారు! ఇది మెడికో లీగల్ కేసు. పోలీసులు కొట్టారని డాక్టరుకు చెప్పి ఉంటే ఆ రిజిస్టర్‌లో నంబరు పడాలి. మీ చేతిలో ఉన్నది ఒట్టి ఓపీ చీటీయా, ఎమ్మెల్సీ నంబరు వేసినదా చూసుకోండి. ఓపీ చీటీలో ‘ఒళ్లు నొప్పులు’ అని రాసి మాత్రలిచ్చి పంపి ఉంటే కేసు బలహీనపడుతుంది. గాయాల సర్టిఫికెట్‌లో ప్రతి దెబ్బకూ చోటు, పొడవు, వెడల్పు, రంగు ఉండాలి. కమిలిన గాయం మొదట ఎర్రగా ఉండి, నీలంగా మారి, ఆ తర్వాత ఆకుపచ్చకూ పసుపుకూ తిరుగుతుంది. రంగును బట్టే దెబ్బ ఎన్ని రోజుల కిందటిదో డాక్టర్లు అంచనా కడతారు. ఐదు వారాలయ్యాక చర్మం మీద ఏమీ మిగలదు. అప్పట్లో ఫోన్‌లో తీసిన ఫొటోలుంటే వాటిని వాట్సాప్‌లో పంపుకోవద్దు, తేదీ సమాచారం పోతుంది. తీసిన ఫోన్‌ను ఉన్నదున్నట్టు దాచండి.

స్టేషన్ రికార్డుల సంగతికొస్తే, మీ తమ్ముడు అక్కడ ఉన్నట్టు కాగితం మీద ఆనవాలే ఉండదని వాళ్ల ధీమా. అదే వాళ్ల తప్పు కూడా. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి, లేదా 36 ప్రకారం సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాసి, 48 ప్రకారం ఇంటికి కబురుచేసి, 58 ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఈ రెండింటికీ మధ్య ‘ఊరికే కూర్చోబెట్టాం’ అనే మూడో పద్ధతి చట్టంలో లేదు. అది భారతీయ న్యాయ సంహిత 127(2) కింద అక్రమ నిర్బంధం. ఒప్పుకోమని కొట్టి ఉంటే 120(1), ఏడేళ్ల వరకు శిక్ష. తెల్లకాగితం మీద సంతకం గురించి బెంగ పెట్టుకోకండి. పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుకు పనికిరాదు. అయితే సంతకం బలవంతంగా పెట్టించుకున్నారన్న సంగతి అర్జీలో మొదటి నుంచీ ఉండాలి. రేపు ‘నన్నెవరూ కొట్టలేదు’ అన్న స్టేట్‌మెంటు అదే సంతకం మీద పుట్టుకొస్తుంది కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. మీ బావ చెప్పింది నిజమే, కానీ అమెరికా అంతటా కాదు. న్యూయార్క్ రాష్ట్రం పోలీసుల క్రమశిక్షణ రికార్డులను దాచిపెట్టే 50-ఏ అనే సెక్షనును 2020 జూన్‌లో రద్దు చేశాక న్యూయార్క్ నగరంలో అధికారి పేరు కొట్టి ఫిర్యాదులు చూడగలుగుతున్నారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఉన్న సమాచార హక్కు చట్టం దారి కూడా ఇరుకైంది. ఉద్యోగి మీద వచ్చిన మెమోలు, షోకాజులు, శిక్షలు అతని వ్యక్తిగత సమాచారమని గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012లో సుప్రీంకోర్టు అంది. పైగా డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ద్వారా చేసిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె) మరింత బిగిసింది. 8(2) మాత్రం అలాగే ఉంది: దాచడం వల్ల కలిగే ప్రయోజనం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాల్సిందే. నా అభిప్రాయంలో కస్టడీలో కొట్టడమన్నది ఎవరి సొంత వ్యవహారమూ కాదు. కానీ దాని మీద సమాచార కమిషన్ దాకా పోరాడాలి.

అందుకే దరఖాస్తు తెలివిగా రాయాలి. ‘ఫలానా ఎస్సై మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఇవ్వండి’ అంటే వ్యక్తిగతమని ఒక్క లైనుతో తిప్పికొడతారు. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అంటే అది సమాచారం కాదంటారు. రికార్డు అడగండి. మీ అర్జీ నంబరు వేసి, దాని మీద విచారణాధికారి ఇచ్చిన నివేదిక కాపీ, అందులో నమోదు చేసిన వాంగ్మూలాల కాపీలు. ఆ మూడు తేదీల స్టేషన్ జనరల్ డైరీ పేజీల నకళ్లు. ఆ తేదీల్లో ఏ కెమెరా పనిచేసిందో, పాడైతే పర్యవేక్షణ కమిటీకి పంపిన సమాచారం కాపీ. కెమెరాలు పనిచేయని కాలంలో చేసిన అరెస్టుల, విచారణల వివరాలను కూడా ఎస్‌హెచ్‌ఓ ఆ కమిటీకి పంపాలని తీర్పులో ఉంది, అదీ అడగండి. చివరగా పేర్లు లేకుండా అంకెలు: గత ఐదేళ్లలో ఆ స్టేషన్ సిబ్బంది మీద వచ్చిన ఫిర్యాదులెన్ని, ఎన్నిటిలో విచారణ పూర్తయింది, ఎన్నిటిలో శిక్ష పడింది, ఏ శిక్ష. ఇదే ప్రశ్న పాత స్టేషన్ గురించీ వేయండి. ఆ అధికారి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడ పనిచేశారన్నది పోస్టింగు ఉత్తర్వులో ఉంటుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సగం సంగతి మీకే తెలుస్తుంది.

ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి (పీఐఓకు) దరఖాస్తు, రుసుము 10 రూపాయలు. గడువు 30 రోజులు. రాకపోయినా, తప్పుడు జవాబొచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ‘ఫుటేజీ నెల రోజులకే చెరిగిపోతుంది’ అని రాతపూర్వకంగా జవాబిస్తే విసుక్కుని చింపేయకండి. సుప్రీంకోర్టు ఆదేశాన్ని పాటించలేదని వాళ్లే సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది.

ఫిర్యాదు ఎక్కడ ముందుకు తీసుకెళ్లాలన్నది ఇంకో చిక్కు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌లో పెండింగులో ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. రెండు చోట్లా ఒకేసారి వేసి రెండూ చెడగొట్టుకునేవాళ్లు చాలామంది. ఒక్కటి ఎంచుకోండి, ఘటన జరిగిన ఏడాదిలోపు వేయండి. జాతీయ కమిషన్‌లో డైరీ నంబరుతో ఆన్‌లైన్‌లో కేసు స్థితి చూసుకోవచ్చు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో ఏర్పాటు చేయమన్న పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ కూడా ఉంది గానీ, వెళ్లేముందు చైర్మన్ కుర్చీలో మనిషి ఉన్నారో లేదో కనుక్కోండి. ఇవన్నీ సిఫార్సులు చేసేవే. క్రిమినల్ కేసు కావాలంటే, ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చిన రుజువుతో, ప్రమాణపత్రం జతచేసి, మేజిస్ట్రేటు దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద పిటిషన్ వేయాలి. విధి నిర్వహణలో జరిగిన పని అని వాళ్లు వాదిస్తే 175(4) ప్రకారం పైఅధికారి నివేదిక తెప్పిస్తారు, కొంత ఆలస్యం తప్పదు. ప్రభుత్వ అనుమతి లేదని భయపెడితే అదే సంహితలోని 218 చదివించండి. ఆ రక్షణ ప్రభుత్వం మాత్రమే తొలగించగల అధికారులకు. ప్రత్యేక నోటిఫికేషన్ ఉంటే తప్ప ఎస్సైకీ కానిస్టేబుల్‌కీ వర్తించదు. వర్తించినా 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అక్రమ నిర్బంధం సెక్షనుకు ఏడాదిలోపే కోర్టుకెక్కాలన్నది మరవకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, 15100కు ఫోన్ చేయండి.

కుర్రాళ్ల పట్టిక. పెట్టుకోవచ్చు. ప్రజాసేవకుడి విధి నిర్వహణ మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయం, ప్రజల మేలు కోసం చెప్పే నిజం, రెండూ భారతీయ న్యాయ సంహిత 356లోనే మినహాయింపులు. కోర్టు రికార్డులాంటి పబ్లిక్ రికార్డు ఆధారంగా రాస్తే గోప్యత అడ్డురాదని ఆర్.రాజగోపాల్ కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇబ్బంది ఎక్కడంటే, వాళ్లు రాయబోయేది ‘రౌడీ ఎస్సై, లంచగొండి’ అని. అలా కాకుండా ప్రతి వరుసలో తేదీ, స్టేషన్, కాగితం రకం, దాని నంబరు, ఇప్పుడు ఏ దశలో ఉంది, మీరు చివరిసారి చూసిన తేదీ ఉండాలి. ‘ఫలానా కోర్టు, ఫలానా సీసీ (కోర్టు కేసు) నంబరు, సెక్షన్ 120, విచారణలో ఉంది’ అన్న వాక్యం మీద పరువునష్టం నిలబడదు. ‘విచారణలో’, ‘రుజువైంది’, ‘కొట్టేశారు’ మూడూ మూడు మాటలు; కొట్టేసిన రోజే ఆ వరుస మార్చాలి. వీఆర్‌కు పంపడం, బదిలీ, విచారణ తేలకముందు చేసే సస్పెన్షన్, ఇవేవీ సర్వీసు నిబంధనల ప్రకారం శిక్షలు కావు. మందలింపు, ఇంక్రిమెంటు ఆపడం, హోదా తగ్గించడం, తొలగింపు, ఇవి శిక్షలు. మీ ఎస్సై వీఆర్‌కు వెళ్లాడన్నంత మాత్రాన తప్పు రుజువైందని రాస్తే అక్కడే దొరికిపోతారు. ఎఫ్‌ఐఆర్ నంబర్లకు పోలీసు వెబ్‌సైటు ఉంది. 2016 యూత్ బార్ అసోసియేషన్ తీర్పు తర్వాత సున్నితమైనవి మినహా ఎఫ్‌ఐఆర్‌లు అందులో పెట్టాలి. కోర్టు దశ ఈ-కోర్ట్స్‌లో సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కోర్టు కేసుకూ ఉండే ప్రత్యేక సంఖ్య) కొడితే తెలుస్తుంది.

ఆయన ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, పిల్లల ఫొటోలు ఆ పేజీలో ఎక్కడా ఉండకూడదు. అత్యాచార బాధితురాలి ఆనవాలు బయటపెడితే న్యాయ సంహిత 72 కింద మీ మీదే నేరం. కామెంట్లలో ఎవరైనా కులం పేరు ఎత్తితే వెంటనే తీసేయండి. పరువునష్టం నాన్-కాగ్నిజబుల్ కాబట్టి దాని మీద నేరుగా అరెస్టు చేయలేరు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు, అందుకే అదే సంహితలోని 353 (ప్రజల్లో అలజడి రేపే మాటలు), 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం) లాంటి సెక్షన్లు వెతుకుతారు. వాటికి దారి ఇచ్చేది సాధారణంగా పోస్టు కాదు, కింద పడే కామెంట్లు. కాబట్టి కామెంట్లు మూసేసి పెట్టమని కుర్రాళ్లకు చెప్పండి. మీ తమ్ముడి పేరు మాత్రం మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం అయ్యేదాకా ఆ పట్టికలోకి రానివ్వకండి.