‘మా ఆయన ఏమీ అనరు’

కొండపి దగ్గర పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కొంతే ఇస్తున్నాను.

“మా అక్క నాలుగేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. పోయిన ఏడాది బావ కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. వాళ్ల పాపకి పదకొండేళ్లు. కర్మంతరాలు అయ్యాక నేనే తెచ్చుకున్నా. మాకిద్దరు మగపిల్లలు. మా ఆయన పొగాకు బ్యారన్ పనికి, నేను గ్రేడింగ్‌కి పోతాం. సీజన్ అయిపోతే చేతిలో డబ్బులుండవు. ఎదిగే ఆడపిల్లని ఎన్నాళ్లు పెట్టుకుంటావని మా అత్త రోజూ సాధిస్తోంది. మా ఆయన ఏమీ అనరు. ఒంగోలు వైపు ఒక ఆశ్రమం ఉందని పక్కింటావిడ చెప్పింది. ఆధార్ కార్డు ఇచ్చి సంతకం పెడితే చాలట, పిల్లని తీసుకుంటారట. అట్లాంటివి మంచివేనా? పాప బాధపడకుండా ఎట్లా చెప్పాలి?”

అమ్మా, ఏ ఆశ్రమం మంచిదో నేను చెప్పను. పాప బాధపడకుండా చెప్పే మాట కూడా లేదు, కాబట్టి ఆ సంగతి వదిలేయండి.

మీ ఉత్తరంలో ‘మా ఆయన ఏమీ అనరు’ అన్న మాట ఐదు చోట్ల ఉంది. అత్త అన్నవన్నీ పూసగుచ్చినట్టు రాశారు. ఆయన మనసులో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు, ఎందుకంటే మీరు అడగలేదు. పిల్ల ఇంటికొచ్చి ఏడాది దాటింది. ‘ఈ పిల్ల మనతోనే ఉంటుందా’ అని మీరిద్దరూ ఒక్క రాత్రి కూడా మాట్లాడుకోలేదు. ఆయన మాట్లాడకపోతే అది కోపమని మీరే తీర్మానించుకున్నారు. ఇక అక్కణ్ణుంచి దాచుకోవడం మొదలైంది. నోటు పుస్తకాలు కొన్నది దాచారు. పండక్కి మగపిల్లలకి కొత్త బట్టలు కుట్టించి, పాపకి మాత్రం పక్కింటి పిల్ల విడిచిన లంగా జాకెట్టు సరిచేసి తొడిగారు, ఆయన చూస్తే ఏమనుకుంటారోనని. సొంత ఇంట్లో అప్పుపడ్డ మనిషిలా తిరుగుతున్నారమ్మా మీరు. ఆ పిల్ల అదంతా చూస్తోంది.

‘పాప చాలా మంచిది, అడక్కుండానే అంట్లు తోముతుంది, అందరూ తిన్నాకే తింటుంది, రెండోసారి కూర వేసుకోదు’ అని మెచ్చుకుంటూ రాశారు. అక్కడ నాకు ముద్ద దిగలేదు. పదకొండేళ్ల పిల్ల అన్నం దగ్గర అలగాలి, కూర బాలేదని గిన్నె నెట్టాలి, తమ్ముళ్లతో కొట్లాడాలి. ఈ పిల్ల అవేమీ చేయడం లేదంటే, ఏ రోజు పొమ్మంటారో అని కాచుకుని కూర్చుందన్నమాట.

ఇప్పుడు మీ ఆయన గురించి మీరే రాసిన ఇంకో సంగతి. పాపకి జ్వరం వచ్చిన రాత్రి బండి మీద కొండపి తీసుకుపోయి చూపించి, వచ్చేటప్పుడు బత్తాయిలు తెచ్చారట. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. పిల్ల ఇంట్లో ఉండటం ఇష్టం లేని మనిషి అర్ధరాత్రి ఆ పని చేస్తాడా? మన మగవాళ్లలో చాలామందికి ప్రేమ చేతుల్లో ఉంటుంది, నోట్లో ఉండదు. అయినా ఇక్కడ నోటితో చెప్పించాల్సిందే. పాపకి ఆయన బాబాయి, వరసకి తండ్రే. తండ్రి వరస మనిషి ‘ఈ పిల్ల మన పిల్ల’ అని ఇంట్లో అందరి ముందూ ఒక్కసారి అంటే మీ అత్తగారి సాధింపు సగం ఆగిపోతుంది.

అత్తగారి మీద నాకు పెద్ద కోపం లేదు. రాత్రుళ్లు పాప ఆవిడ పక్కనే పడుకుంటుందని మీరే రాశారు. ‘ఎదిగే పిల్ల, ఇంట్లో మగపిల్లలు’ అన్న మాటకి మాత్రం అర్థం లేదు. అక్క కూతురు మీ కొడుకులకి అక్కేగా! అయినవాళ్ల మధ్య లేని భద్రత, ముక్కూమొహం తెలియని చోట ఎట్లా దొరుకుతుంది?

ఆ ఆశ్రమం సంగతి తెలుసుకోండి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ అయి ఉండాలి. సంరక్షణ అవసరమైన పిల్లని 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఎక్కడ ఉంచాలో ఆ సమితే నిర్ణయిస్తుంది. సంతకం పెడితే చాలనే చోటికి పిల్లని పంపకండి. ఇంకే దారీ లేనప్పుడే సంస్థలో ఉంచాలని ఆ చట్టమే చెబుతోంది. ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో చాలామందికి అయినవాళ్లు బతికే ఉంటారు. ఇంట్లో డబ్బుల్లేవని వచ్చినవాళ్లే ఎక్కువ. నేను సంక్రాంతికి ఒక బాలికల హోంకి వెళ్తుంటాను. వచ్చిన ప్రతి ఆటో దగ్గరికీ పరుగెత్తి వెనక్కొచ్చే పిల్లల్ని చూశాను. మీ అక్క కూతుర్ని ఆ గేటు దగ్గర ఊహించుకోలేకపోతున్నాను.

డబ్బు ఇబ్బంది నిజమే, కాదనను. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ఒంగోలులో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, పాప స్టడీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. దారి తెలియకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఇంకొకటి. బావ పేరు మీదున్న ఎకరంన్నర పాప పెదనాన్న అమ్మబోతున్నాడని చివర్లో రాశారు. మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మే హక్కు ఆయనకి లేదు. వెంటనే లాయర్ని కలవండి.

చదువు కోసం ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి, కస్తూర్బా విద్యాలయంలో చేరుస్తానంటే నేనేమీ అడ్డు చెప్పను. ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు. సెలవులకి తిరిగి వచ్చేది మీ ఇంటికేనని పాపకి ముందు నమ్మకం కుదరాలి, అంతే.

ఒకవేళ మీ ఆయన నిజంగానే వద్దంటే? అప్పుడు కావలిలో ఉన్న మీ తమ్ముణ్ణి పిలవండి. మేనమామ అన్నాక ఆయనకీ బాధ్యత ఉంది. అక్కడా కుదరకపోతే సమితి దగ్గరికి మీరే వెళ్లి చెప్పుకోండి, పక్కింటావిడ చూపించిన ఆశ్రమానికి మాత్రం వద్దు.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయన్ని అడగండి. ఏడవకుండా, బతిమాలకుండా అడగండి. పాప ఖర్చులు దాచిన సంగతి కూడా చెప్పేయండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి. మీరు ఊహించుకున్నది వద్దు, ఆయన నోటితో అన్న మాటే రాయండి.